సొన్నెరా చూడని చెరువు

తెలుగునేల మీద యూరపువాళ్లు గీసిన పాత బొమ్మలను ఒకచోట పేర్చి చూస్తే వాటిలో సముద్రతీరం ఉంటుంది, ఓడలు ఉంటాయి, గోపురాలూ కొండకోటలూ గుడి కోనేర్లూ ఉంటాయి. ఊరి చెరువు మాత్రం దాదాపు కనబడదు. రాయలసీమవాడికి ఇది చిన్న సంగతి కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే అనంతపురం మెట్టలో చెరువు ఉంటేనే ఊరు. బుక్కరాయసముద్రం విషయంలో ఇది మరీ స్పష్టం: ఊరికి ఉన్న పేరు చెరువు పేరే. మరి రంగుల పెట్టె పట్టుకుని ఖండాలు దాటి వచ్చినవాళ్లు ఇంత పెద్ద మానవ నిర్మాణాన్ని ఎందుకు వదిలేశారు? వాళ్ల అశ్రద్ధ అని తేల్చేయడం సులువే గాని సరికాదు. యాత్రాచిత్రం అనే పనికే కొన్ని హద్దులున్నాయి. ఆ హద్దుల అవతల మిగిలిపోయినదాన్ని మన కరణాలూ గుమాస్తాలూ మాటల్లో పట్టుకున్నారు. కనుక ఈ సీమ గతాన్ని కళ్లకు కట్టించుకోవాలంటే బొమ్మల పుస్తకం కన్నా కైఫీయతు కట్టలే, అంటే ఊరూరి సంగతులు అడిగి రాయించిన కాగితాలే, ఎక్కువ అక్కరకొస్తాయని నా వాదన. దీన్ని పరీక్షించడానికి తెలుగుగడ్డ మీద కాపురమున్న ఒక ఫ్రెంచివాడి జీవితం బాగా పనికొస్తుంది.

ఆయన పేరు పియేర్ సొన్నెరా. 1748లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టాడు. సుగంధద్రవ్యాల మొక్కలను ఫ్రెంచి దీవులకు తరలించి పేరు తెచ్చుకున్న పియేర్ పువాయిర్‌కు బంధువు. ఆయన దగ్గర కార్యదర్శిగా 1768లో ఈనాటి మారిషస్‌కు చేరాడు. అక్కడ ప్రకృతి శాస్త్రవేత్త కొమెర్సాన్ వెంట తిరుగుతూ మొక్కలనూ పక్షులనూ సేకరించడం, వాటి బొమ్మలు గీయడం పనిగా పెట్టుకున్నాడు. ఫిలిప్పీన్స్, మొలుక్కా దీవుల వైపు సాగిన ప్రయాణం 1776లో పుస్తకమైంది. అంతకు ముందే, 1774లో, రాజాజ్ఞ మీద మళ్లీ బయలుదేరి 1781 దాకా భారతదేశం, చైనా, సింహళం, ఆగ్నేయాసియా తీరాలు తిరిగాడు. ఆ యాత్రా గ్రంథం 1782లో పారిస్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో 140 బొమ్మల పలకలున్నాయి. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన ఆ బొమ్మలకు చేత్తో నీటిరంగులు అద్దిన ప్రతులు కూడా ఉన్నాయి. 1786లో తిరిగి భారతదేశం వచ్చాడు. 1790ల మొదట్లో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాంలో ఫ్రెంచి అధికారిగా పనిచేశాడు. 1793లో యుద్ధం రాగానే ఫ్రెంచి స్థావరాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. సొన్నెరా బందీ అయ్యి, 1813 దాకా ఈ దేశం విడిచి వెళ్లలేకపోయాడు. మరుసటి ఏడు పారిస్‌లో కన్నుమూశాడు. లిచీ పండు చెట్టుకు శాస్త్రనామం పెట్టింది ఈయనే. దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి శాస్త్రనామంలో ఈయన పేరే ఉంది. నలభై అయిదేళ్ల వృత్తిజీవితంలో పాతికేళ్లకు పైగా ఈ దేశంలో గడిచిందంటే, ఆయనను దారిన పోయే బాటసారి అనడానికి వీల్లేదు.

సొన్నెరా బొమ్మల బలం ఎక్కడుందో ముందు ఒప్పుకోవాలి. ఆయనకు పనివాళ్ల మీద నిజమైన శ్రద్ధ ఉంది. నేతపని, కుండలపని, వడ్రంగం, కమ్మరం, కంసాలిపని, ఇలా కోరమండల్ తీరపు వృత్తులన్నిటికీ పుస్తకంలో చోటిచ్చాడు. ఇంత తక్కువ పనిముట్లతో ఇంత నాణ్యమైన సరుకు ఎలా తీస్తున్నారన్న ఆశ్చర్యం ఆ పలకల్లో కనబడుతుంది. పలక కూర్పు చాలావరకు ఒకే తీరు: నడుమ ఒక మనిషి, చేతిలో పనిముట్టు, కాళ్ల కింద కాస్త నేల, వెనక ఖాళీ. పక్షినో మొక్కనో చూపించే పద్ధతిలోనే మనిషినీ చూపిస్తాడు. ప్రకృతి శాస్త్రం నేర్పిన చూపు అది. వేరుచేసి, ఒంటరిగా నిలబెట్టి, పేరు రాసి చూపించడం. పుదుచ్చేరి, తంజావూరు ప్రాంతాల్లో స్థానిక చిత్రకారులు కులాలనూ వృత్తులనూ జంటజంటలుగా గీసి యూరపువాళ్లకు అమ్మిన నీటిరంగుల బొమ్మల్లోనూ ఇదే కూర్పు ఉంటుంది. సొన్నెరా ఆ పద్ధతికి దగ్గరగానే నడిచాడు. ఒక చేతిలో ఇమిడే పనిని చూపించడానికి ఇది చక్కటి పద్ధతి. పదిమంది కలిసి చేసే పనిని, ఏడాది పొడుగునా మారిపోయే పనిని చూపించడానికి ఇది చాలదు. చెరువు ఆ రెండో రకానికి చెందింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం యుద్ధం. సొన్నెరా తిరిగిన కాలంలో ఈ సీమ అల్లకల్లోలంగా ఉంది, పరదేశి చిత్రకారుడు లోపలికి ఎలా వస్తాడు అని అడగవచ్చు. అల్లకల్లోలం నిజమే. 1776లో మైసూరు ఏలిక హైదరాలీ మరాఠా సర్దారు మురారిరావు నుంచి గుత్తికోటను గెలుచుకున్నాడు. హండే వంశపు నాయకులు ఏలుతున్న అనంతపురం కూడా ఆ వరుసలోనే మైసూరు ఒత్తిడి కిందికి వచ్చింది. అయితే హైదరాలీ ఫ్రెంచివాళ్లకు మిత్రుడు. ఆయన సైన్యంలో ఫ్రెంచి సైనికులున్నారు, ఫిరంగి పనివాళ్లున్నారు. ఇంగ్లీషువాడికి మూసుకుపోయిన దారి ఫ్రెంచివాడికి తెరిచే ఉంది. అయినా 1782 నాటి 140 పలకల్లో ఈ మెట్టసీమకు చోటు లేదు. అసలు కారణం వేరు. రాజు పంపిన మనిషిగా ఆయన చూడవలసినవి ఓడరేవులు, బట్టలు, రంగుల అద్దకం, మొక్కలు, దేవతలు. పారిస్ పాఠకుడు కోరింది కూడా అదే. చిత్రకారుడు ఎక్కడికి పోతాడన్నది అతని కుతూహలం ఒక్కటే నిర్ణయించదు. పోషించే ప్రభుత్వం, కొనే పాఠకుడు, సరుకు నడిచే బాట, ఈ మూడూ కలిసి నిర్ణయిస్తాయి. ఆ బాటలు తీరం వెంట ఉన్నాయి.

యుద్ధం దారి మూయడం మాట అటుంచి, ఇంగ్లీషు చిత్రకారులకు దారి తెరిచింది యుద్ధమే. 1790 నుంచి 1792 దాకా హైదరాలీ కొడుకు టిప్పు మీద సాగిన దండయాత్ర వెంట రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు నడిచాడు. ఆయన మైసూరు దృశ్యాల పుస్తకం 1794లో వచ్చింది. అలెగ్జాండర్ అలన్, రాబర్ట్ కోల్‌బ్రూక్ అనే సైనికాధికారుల దృశ్యమాలికలూ ఆ ప్రాంతంలోనే వచ్చాయి. బెంగళూరు, నందిదుర్గం, సావనదుర్గం లండన్ ఇళ్ల గోడల మీదికి ఎక్కాయి. థామస్, విలియం డేనియల్‌లు 1792లో మద్రాసు నుంచి బయలుదేరి, సైన్యం తెరిచిన ఆ దారినే పట్టుకుని దక్షిణానికి తిరిగారు. కొండకోట గీసేవాడికి అనువైన వస్తువు. నిటారుగా లేస్తుంది, నీడ పడుతుంది, కింద ఇద్దరు మనుషులను నిలబెడితే ఎత్తు తెలిసిపోతుంది. ముట్టడించేవాడికి పనికొస్తుంది కూడా. గోపురమూ అంతే. చెరువు అలా కాదు. కట్ట మైలు పొడుగున్నా ఎత్తు తక్కువ. కింద నిలబడితే మట్టిగట్టు, పైన నిలబడితే ఒకవైపు నీళ్లు, ఒకవైపు పచ్చదనం. ఏ ఒక్క చోట నిలబడ్డా చెరువంతా కంటికి ఆనదు. ఎండాకాలం వస్తే నీళ్లూ ఉండవు, పచ్చదనమూ ఉండదు. కరువు ఏడాదిలో వచ్చిన యాత్రికుడికి అది తుమ్మచెట్లు మొలిచిన బీడుగా తోచి ఉంటే తప్పు పట్టలేం.

ఆ మట్టిగట్టులో దాగిన నేర్పు దగ్గరికి పోయి చూస్తే గాని తెలియదు. పాత తూమునే తీసుకోండి. కట్ట లోపలి వైపు, నీళ్లలో, రెండు రాతి స్తంభాలు నిలిపి వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు బిగిస్తారు. పలకల నడుమ తొలిచిన రంధ్రాల్లోంచి పొడుగాటి కర్ర కిందికి దిగుతుంది. ఆ కర్ర కొసన ఉన్న బిరడా అడుగున కాలువ నోటిని మూస్తుంది. కర్రను ఎంత పైకి లాగి ఆపితే అంత నీరు. లాగే అధికారం ఎవరికి పడితే వాళ్లకు లేదు. అది నీరుగంటి పని. ఏ మడికి ఎన్ని గడియలు, ముందు పై మడికా కింది మడికా, చెరువు సగమే నిండిన ఏడు ఎవరి మడులు బీడు పెట్టాలి, ఇవన్నీ అతని నోట ఉంటాయి. చెరువు నిండాక అదనపు నీరు పోవడానికి మరవ ఉంటుంది. మరవ అంగుళం ఎత్తు పెంచితే పైఊరి పొలాలు మునుగుతాయి, తగ్గిస్తే కిందివాళ్ల పంట ఎండుతుంది. అంటే చెరువులో రాయీ మట్టీ ఎంతో, మనుషుల మధ్య ఒప్పందమూ అంతే. ఆ ఒప్పందాన్ని ఏ కుంచె గీస్తుంది?

1800 అక్టోబరులో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేశాక పరిస్థితి మారింది. యాత్రికుడి స్థానంలోకి సర్వేయరు వచ్చాడు. అతనికీ నీటిరంగులు రావాలి. నూనెరంగులు ఆరడానికి రోజులు పడుతుంది, మోయడానికి బరువు. నీటిరంగుకు కుంచె, కాగితం, గుక్కెడు నీళ్లు చాలు. 1780ల నుంచి లండన్‌లో రీవ్స్ కుటుంబం గట్టి బిళ్లల రూపంలో అమ్మిన రంగులు సైనికుల సంచుల్లో సులువుగా ఇమిడాయి. వూలిచ్‌లోని సైనిక విద్యాలయంలో చిత్రలేఖనం నేర్పినవాడు పేరుమోసిన నీటిరంగుల చిత్రకారుడు పాల్ శాండ్‌బీ. మద్రాసులో 1794లో మొదలైన సర్వే పాఠశాల, అనాథ పిల్లలను చేరదీసి వాళ్లకు కొలతా గీతా నేర్పింది. ఈ సీమను సర్వే చేసిన కర్నల్ కోలిన్ మెకంజీ కింద పనిచేసినవాళ్లలో అక్కడ చదువుకున్న కుర్రాళ్లున్నారు. 1821లో మెకంజీ చనిపోయేనాటికి పోగుపడిన సామగ్రిలో 2,630 బొమ్మలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు ఉన్నట్టు విల్సన్ అనే పండితుడు తయారుచేసిన జాబితా లెక్కగట్టింది. అమరావతి శిల్పాలకు 1816 ప్రాంతంలో ఆయన మనుషులు గీసిన బొమ్మలు లేకపోతే, తర్వాత చెదిరిపోయిన స్తూపాన్ని ఊహించుకోవడానికి కూడా మనకు ఆధారం ఉండేది కాదు. నీటిరంగుల విలువను నేను తక్కువ చేయడం లేదు. శిల్పానికి ఆ పద్ధతి సరిపోయింది, ఎందుకంటే శిల్పం కదలదు.

మెకంజీ గొప్పతనం మరోచోట ఉంది. బొమ్మ చాలదని ఆయన గ్రహించాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు దారి చూపించారు. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. ఆ పనిని లక్ష్మయ్య భుజాన వేసుకున్నాడు. వాళ్ల గుమాస్తాలు దత్తమండలాల ఊరూరా తిరిగి కరణాలను అడిగి, కవిలెకట్టలు విప్పించి, ఊరి పుట్టుక, దేవుడి మాన్యాలు, పాళెగాళ్ల వరస, చెరువులూ కుంటలూ అన్నీ తెలుగులో రాయించుకున్నారు. సొన్నెరా బందీగా ఉండి మరో యాత్రా గ్రంథం రాసుకుంటున్న ఆ ఏళ్లలోనే, అదే దక్షిణదేశంలో ఈ కాగితాలు పేరుకున్నాయి. ఆయన రాతప్రతి చాలాకాలం అచ్చుకు నోచుకోలేదు. కైఫీయతుల్లో కూడా ఎక్కువ భాగం మద్రాసు అరల్లోనే మిగిలిపోయింది. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా వేసిందంటే, ఆ సంస్థ చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే.

బుక్కరాయసముద్రం గురించి మాటల్లో మిగిలింది చూడండి. విజయనగరపు మొదటి బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో, ఆయన మంత్రి చిక్కవొడయరు పండమేరు వంకకు అడ్డంగా కట్ట వేయించాడని, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం వెలిశాయని సంప్రదాయం. ఆ రెండోదే నేటి అనంతపురం. ఒక వంకను ఆపితే ఒక ఊరూ, ఒక జిల్లా కేంద్రమూ పుట్టాయి. ఇది బొమ్మలో చెప్పలేని సంగతి. ఆనాటివాళ్లు చెరువును ఎంత శాస్త్రంగా ఆలోచించారో పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, తప్పించవలసిన 6 దోషాలనూ వరసగా పేర్కొంటుంది. 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్లు పట్టిందని లెక్క కూడా రాసింది. చెరువు తవ్వినవాళ్లు దాని రూపం కన్నా అంగాలనూ దోషాలనూ రాసి పెట్టడం ముఖ్యమనుకున్నారు. చెరువు గురించి తెలియవలసినది అదే గనుక వాళ్లు సరిగ్గానే ఎంచుకున్నారు.

ఇక రెండో అభ్యంతరం బలమైనది. కైఫీయతులు పుక్కిటి పురాణాలు కలిసిన రాతలు, కళ్లారా చూసి గీసిన బొమ్మకు వాటితో పోలికేమిటి అంటారు. కళ్లారా చూసి గీశారన్న నమ్మకాన్నే ముందు కొలిచి చూడాలి. సొన్నెరా 1776 పుస్తకం పేరులో న్యూగినీ ఉంది. ఆయన ఆ దీవికి పోనేలేదు, దానికి పడమర ఉన్న చిన్న దీవి దాకానే పోయాడు. అయినా న్యూగినీ పక్షులంటూ పెంగ్విన్ల బొమ్మలు వేశాడు. అక్కడ పెంగ్విన్లు లేవు. ఆస్ట్రేలియాకు చెందిన నవ్వుల పక్షినీ ఆ లెక్కలో చేర్చాడు. ఈకల దాకా పొల్లుపోకుండా గీసిన బొమ్మ చోటు విషయంలో అబద్ధమాడింది. ఇది ఆయన శ్రమను కొట్టిపారేయడానికి చెప్పడం లేదు. బొమ్మకూ కథలాగే విమర్శ అవసరమని చెప్పడానికే ఇదంతా. విమర్శతో చదివితే కైఫీయతులోని కథ కూడా సాక్ష్యం ఇస్తుంది.

ముసలమ్మ కథే తీసుకుందాం. కుండపోత వానకు బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి అయితే నిలుస్తుందని దైవవాణి పలికిందని, ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచిందని కథ. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1853లో అచ్చువేయించిన అనంతపుర చరిత్రలో ఇది ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కట్టమంచి రామలింగారెడ్డి ఇరవై ఏళ్లయినా నిండకముందే, 1899లో, ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వానికి ఒక మొదలు అక్కడ పడింది. దైవవాణి పలికిందా లేదా అన్నది చరిత్రకారుడు తేల్చవలసిన పని కాదు. కానీ కథలో గట్టి వాస్తవాలు మూడున్నాయి. ఈ కరువుసీమలో చెరువుకు ఎండ ఎంత శత్రువో వరద అంత శత్రువు. కట్టను కాపాడడం ఊరి ఉమ్మడి పూచీ. ఆ పూచీ బరువు ఇంటి కోడలి మీద పడింది. మూడోదాన్ని తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది. త్యాగం అని పొగిడి దాన్ని కప్పిపుచ్చకూడదు. అయినా ఆమె పేరు నిలిచింది, ముసలమ్మ కట్ట అన్న పేరుతో ఇవాళ్టికీ ఊళ్లో పూజ అందుకుంటోంది. సొన్నెరా పలకల్లోని సాలెవాడికి, కమ్మరికి పేర్లు లేవు.

మూడో మాట కూడా అంటారు: కైఫీయతులు కుంఫిణీ శిస్తు కోసం పుట్టాయి, వాటిని గ్రామం గొంతు అనడం ఎలా? నిజమే, సర్వే రాజ్యం కోసమే జరిగింది. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఈ జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించాడు. అయితే అడిగినవాడి అవసరం జవాబును పూర్తిగా మింగేయదు. చెరువు కట్టినవాడికీ మరమ్మతు చేసేవాడికీ ఇచ్చే దశబంధం మాన్యం ఏ చెరువు కింద ఎవరికి ఉందో ఊరివాళ్లు పట్టుబట్టి చెప్పుకున్నారు. ఎందుకంటే రాతలో పడకపోతే మాన్యం పోతుంది. తమ హక్కు కోసం తామే పలికిన మాటలవి. ఆ మాట పలకడానికి కూడా చోటు లేనివాళ్లున్నారు. కట్టకు మట్టి మోసినవాళ్లు, మడిలో నాటు వేసిన ఆడవాళ్లు కైఫీయతులో కనబడరు. ఈ లోటును దాచి కైఫీయతును పూజించమనడం నా ఉద్దేశం కాదు. బొమ్మలోనూ కాగితంలోనూ లేనివాళ్ల కోసం పాటలనూ జాతర్లనూ ఊరి దేవతల పేర్లనూ వెతకక తప్పదు.

ఇప్పుడు ఉపగ్రహం ప్రతి చెరువునూ పైనుంచి ఫొటో తీస్తోంది, ఈ చర్చంతా పాతబడింది అనుకునేవాళ్లకు 2022 అక్టోబరు గుర్తు చేయాలి. ఆ నెలలో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచింది. వంక దారిలో ఇళ్లు లేచిన సంగతి ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తుంది. ఏ చెరువు మరవ నీరు ఏ కుంటకు పోవాలి, దారిలో ఎవరు అడ్డుకట్ట వేయకూడదు అన్న కట్టుబాటు అందులో కనిపించదు. బోర్లు వచ్చాక నీరుగంటి పని చాలా ఊళ్లలో నామమాత్రమైంది. గడియల లెక్క తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. రెండు వందల ఏళ్ల కిందట లక్ష్మయ్య గుమాస్తాలు కట్ట మీద కూర్చుని అడిగిన ప్రశ్నలనే ఇవాళ మళ్లీ అడగాలి. ఈసారి కరణం ఇంటి అరుగు దగ్గర ఆగకుండా చివరి మడి దాకా పోయి, ఆడవాళ్లనూ కూలీలనూ అడిగి రాయాలి. జిల్లాలోని విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక్కో చెరువును ఒక్కొక్కరు పంచుకుంటే ఇది అసాధ్యమైన పనేమీ కాదు. బుక్కరాయసముద్రం కట్ట నుంచే మొదలుపెట్టవచ్చు.